సువార్త అలియాస్ స్వార్థ

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాం,
ఎడం చేతిలో తమ్ముడి చెయ్యి,
కుడి చంకలో నాన్న డిశ్చార్జి బుక్కు.
వరద తీసినా గోదారి ఇంకా ఎర్రగానే ఉంది.
పంటు మీద కొబ్బరికాయల ట్రాక్టరు, పూలు కట్టిన పెళ్లి కారు,
మేమిద్దరం.

నాన్న సాపరు.
మ్యాపులో పేరులేని ఏళ్ల మీద
తెల్లారేసరికి ఇనప వంతెనలు పరిచేవాడట.
సెలవుకొచ్చినప్పుడల్లా ఈ రేవులో నిలబడి
అవతలి గట్టుని ఒంటికన్నుతో కొలిచి
"ఓ కంపెనీని, పది రోజుల్ని నాకివ్వమనండి" అనేవాడు.
ఎవరిస్తారు?
రిటైరై అమలాపురంలో ఓ ఏటీఎం ముందు
ప్లాస్టిక్ కుర్చీలో రెండేళ్లు కూర్చున్నాడు.
మూడో ఏడు ఒక తెల్లవారుజామున అందులోంచి లేవలేదు.
తర్వాత అమ్మ.
అమ్మ వెనక వరసలో నేను,
రేషన్ షాపు దగ్గర నిలబడ్డట్టే.

నాన్న కాగితాల్లో నేను సువార్తని కాను.
ఎక్కడి గుమాస్తానో, ఏ చలికి వేళ్లు కొంకర్లు పోయాయో
స్వార్థ అని రాశాడు.
పాస్టరుగారు విని నవ్వాపుకోలేకపోయారు.
నోటరీ నవ్వలేదు. మూడొందలు తీసుకుని
స్టాంపు కాగితం మీద టైపు కొట్టించాడు:
"సువార్త, స్వార్థ అను ఇద్దరునూ ఒక్కరే."
ప్రమాణపూర్వకంగా సంతకం పెట్టాను.

ఏటా నవంబరులో ఇంకో కాగితం.
బతికే ఉన్నాను, పెళ్లి కాలేదు, సంపాదన లేదు.
మూడూ ఒకే వాక్యం, వీఆర్వో ముద్ర కింద.
పీచు మిల్లులో కోసుకుపోయే వేళ్లకి
ఆ వాక్యంలో చోటు లేదు.
ఈ పంటు ఇంజను నడిపే ఇశ్రాయేలుకీ లేదు.
మూడేళ్లుగా నా దగ్గర టిక్కెట్టు తీసుకోడు.
ఏమీ అడగడు కూడా.

వచ్చే ఫిబ్రవరి పదకొండుకి నాకు ఇరవై అయిదు నిండుతాయి.
నాన్న లెక్కలోంచి నన్ను కొట్టేస్తారు.
తర్వాతి వరస తీతుది.
వాడికి వయసు అడ్డం లేదు, బతికినంత కాలం ఇస్తారు,
వీడేమీ చెయ్యలేడని
పెద్దాసుపత్రి బోర్డు రాసిస్తే.

కాకినాడ. రెండో అంతస్తు. ముగ్గురు డాక్టర్లు.
"నీ పేరేంటి బాబూ?"
తీతు కిటికీ బయట పావురాన్ని చూస్తున్నాడు.
"పోనీ, మీ నాన్న పేరు?"
మడమలు టక్కున కలిపి, గడ్డం ఎత్తి
వాడు నాన్న ఆర్మీ నంబరు మొదలెట్టాడు.
ఒకటి, నాలుగు, సున్నా...
చివరి అక్షరంతో సహా
ఒక్క అంకె జారలేదు.

ప్రతి ఆఫీసు కిటికీలోకీ వంగి అమ్మ చెప్పిన నంబరు అది.
కొంగు పట్టుకుని నిలబడి వాడు విన్న నంబరు.

డాక్టరు పెన్ను ఆగింది.
"జ్ఞాపకశక్తి బాగానే ఉందే!"

చొక్కా గుండీ ఒకటి సొంతంగా పెట్టుకున్న రోజు
పేటంతా చెప్పుకుని తిరిగినదాన్ని.
ఇప్పుడు గోడకి వీపు ఆనించి
తప్పు చెప్పరా,
ఇంకోటి అడిగితే తప్పు చెప్పరా,
వీడిచేత తప్పు చెప్పించు ప్రభువా
అని పళ్ల మధ్య ప్రార్థన చేశాను.
ఆ గుమాస్తా ఎక్కడున్నాడో గానీ
పేరు సరిగ్గానే రాశాడు.

"వంద నోటిచ్చి పది రూపాయల టీ తాగావు. ఎంత మిగలాలి?"
తీతు చాలాసేపు ఆలోచించాడు.
"అక్కకి" అన్నాడు.
పెన్ను మళ్లీ కదిలింది.
ఏం రాసిందో పోస్టులో వస్తుందట.

కోటిపల్లి రేవుకి చేరేసరికి చీకటి పడింది.
ఆఖరి పంటు. ఇశ్రాయేలు మాకోసం తాడు విప్పకుండా ఉంచాడు.
ఏటి నడుమ, ఇంజను దడదడలో
తీతు మళ్లీ ఆ నంబరు అందుకున్నాడు.
ఈసారి నేనూ గొంతు కలిపాను.
మధ్యలో ఒక అంకె దగ్గర తడబడ్డాను.
వాడు ఆగి,
నా మోచెయ్యి తట్టి,
దిద్దాడు.